తప్పు టేబుల్ మీదే ఆడండి: పూల్ కుర్రాళ్లకు తలకిందుల సలహాలు

పూల్ పోటీలు ఆడేవాళ్ల మధ్య ఎన్నాళ్లయినా తెగని తగువు ఒకటుంది. ఏడడుగుల టేబుల్ మీద గెలిచినవాడి గెలుపు గెలుపేనా, లేక తొమ్మిదడుగుల మీద గెలిస్తేనే లెక్కా? అమెరికా బార్లలో, ఊరి లీగుల్లో ఎక్కువగా కనిపించేది ఏడడుగులది. ప్రపంచ స్థాయి పోటీలు జరిగేది తొమ్మిదడుగుల దాని మీద. పిట్టలవానిపాలెం లాంటి ఊళ్ల నుంచి చదువుకని బాపట్లకో గుంటూరుకో వెళ్లి, ఆనక హైదరాబాద్ ఆఫీసు గేమ్ రూముకో, డాలస్ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌కో చేరిన మన కుర్రాళ్లు కూడా క్యూ పట్టీపట్టకముందే ఈ తగువులో దిగుతున్నారు. చివరికి "మాకు సరైన టేబుల్ దొరకలేదు" అని ఆటే మానేస్తున్నారు. అది చూస్తూ ఊరుకోలేక ఈ సలహాలు రాస్తున్నాను. కోచ్‌లు వీటిలో సగం ఒప్పుకోరు. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను.

1. సరైన టేబుల్ కోసం ఆగకండి. మీకు పడని టేబుల్ వెతుక్కోండి.

తొమ్మిదడుగుల టేబుల్‌లో ఆడే జాగా పొడవు 100 అంగుళాలు, వెడల్పు 50. ఏడడుగుల దాంట్లో సుమారు 78, 39. జాగా అరవై శాతానికి తగ్గింది గానీ బంతులు తగ్గలేదు. అవే పదిహేను రంగు బంతులు, అదే రెండుంపావు అంగుళాల సైజు. అంటే చిన్న టేబుల్ మీద షాట్ దగ్గరవుతుంది, రద్దీ పెరుగుతుంది. బంతులు గుంపులుగా అతుక్కుని క్యూ బాల్‌కు దారివ్వవు. ఏ గుంపును ఎప్పుడు విడగొట్టాలో తెలియనివాడు అక్కడ మూడో షాట్‌కే ఇరుక్కుంటాడు. కాబట్టి పెద్ద టేబుల్ మీద బాగా ఆడేవాళ్లు చిన్నదానికి రండి, చిన్నదాని మీద రాజ్యమేలేవాళ్లు పెద్దదానికి వెళ్లండి. అలవాటైన టేబుల్ మీద వరసగా గెలుస్తున్నారంటే, దాన్ని వదిలే రోజు వచ్చిందన్నమాట.

2. పెద్ద టేబుల్ మీద మొదట్లో బంతి పడిందా లేదా అని చూడకండి. ఎంత తప్పిందో చూడండి.

కొట్టిన బంతి వెళ్లాల్సిన దారికి ఒక్క డిగ్రీ పక్కకు పోయిందనుకోండి. అడుగు దూరంలో ఆ తేడా అంగుళంలో ఐదో వంతు. నాలుగడుగులు వెళ్లేసరికి ముప్పావు అంగుళం దాటుతుంది. ఆరడుగులకు అంగుళంబావు. పోటీ టేబుల్ మూల పాకెట్ నోరు నాలుగున్నర అంగుళాలు, అందులో దూరాల్సిన బంతి రెండుంపావు. నేరుగా మధ్యకు గురిపెడితే అటూ ఇటూ అంగుళానికి కాస్త పైన మిగులుతుంది, అంతే. నాలుగడుగుల నుంచి ఆ డిగ్రీ తప్పుతో కూడా బంతి పడిపోతుంది, మీరు చప్పట్లు కొట్టించుకుంటారు. ఆరడుగుల నుంచి అదే తప్పుతో పాకెట్ అంచుకు తగిలి వెనక్కి వస్తుంది. చేయి ఒక్కటే, తప్పూ ఒక్కటే. చిన్న టేబుల్ దాన్ని దాచింది, పెద్దది బయటపెట్టింది. అందుకే దూరం షాట్ పోయినప్పుడు ఏ పక్కకు పోయిందో రాసిపెట్టుకోండి. రోజూ ఒకే పక్కకు పోతుంటే తప్పు టేబుల్‌ది కాదు, మీ మోచేతిదో నిలబడే తీరుదో.

3. పూల్ నేర్చుకోవాలంటే ముందు క్యారమ్స్ ఆడండి. అదీ ఇంటికో బోర్డు మీద.

వేలితో కొట్టే ఆటకూ క్యూతో కొట్టే ఆటకూ పొత్తు లేదని, అలవాటు చెడుతుందని అంటారు. వినకండి. పోటీ క్యారమ్ బోర్డు ఆడే జాగా 73.5 నుంచి 74 సెంటీమీటర్లు, అంటే 29 అంగుళాలు. స్ట్రైకర్ 15 గ్రాములు మించకూడదు. ఊళ్లలో పిల్లలకు దొరికేది చాలాసార్లు అంతకన్నా చిన్న బోర్డే. ప్లైవుడ్ పలచన, నడుమ కాస్త లొంగి ఉంటుంది. సముద్రం దగ్గరి గాలికి చెమ్మ పట్టి, బోరిక్ పౌడర్ ఎంత చల్లినా స్ట్రైకర్ మొరాయిస్తుంది. అలాంటి బోర్డు ముందు కూర్చున్న తెలివైన పిల్లాడు ఏం చేస్తాడో గమనించండి. ముందు అరచేత్తో బోర్డు నిమురుతాడు. స్ట్రైకర్‌ను ఖాళీగా ఎదుటి ఫ్రేముకు కొట్టి, ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగి ఆగిందో చూస్తాడు. పోటీ నిబంధనల్లో కూడా ఈ పరీక్ష ఉంది: గట్టిగా కొడితే స్ట్రైకర్ కనీసం మూడున్నర సార్లు తిరగాలి. పూల్ టేబుల్ గుడ్డకూ చెమ్మ పడుతుంది, బంతి మందగిస్తుంది, కుషన్ నుంచి తిరిగొచ్చే కోణం మారుతుంది. నాలుగిళ్ల బోర్డులు తిరిగినవాడు కొత్త టేబుల్‌ను నాలుగు షాట్లలో చదివేస్తాడు. ఇక క్యారమ్స్‌ను చిన్న ఆటగా చూడటం మానండి. మన హైదరాబాద్ అమ్మాయి ఎస్.అపూర్వ అందులో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచింది.

4. ఎత్తు చాలలేదని పిల్లల్ని ఆపకండి.

ఫిలిప్పీన్స్‌కు చెందిన ఎఫ్రెన్ రేయెస్ చిన్నప్పుడు మనీలాలో బాబాయి పూల్ హాల్లో పెరిగాడు. టేబుల్ అందక కూల్‌డ్రింకు పెట్టెలు వేసుకుని వాటి మీద నిలబడి ఆడాడు. 1999లో ప్రపంచ నైన్‌బాల్, 2004లో ప్రపంచ ఎయిట్‌బాల్ ఛాంపియన్ అయ్యాడు. పిల్లాడికి సరిపడా టేబుల్ కొనేదాకా ఆగే తల్లిదండ్రులు ఒక్క గట్టి పెట్టె వెతికితే చాలు.

5. స్నూకర్ టేబుల్ ఖాళీగా కనిపిస్తే వదలకండి.

దాని ఆడే జాగా పొడవు 11 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు, వెడల్పు 5 అడుగుల 10 అంగుళాలు. తొమ్మిదడుగుల పూల్ టేబుల్‌కు దాదాపు రెట్టింపు. బంతి చిన్నది, 52.5 మిల్లీమీటర్లు. పాకెట్ అంచులు గుండ్రంగా ఉండి, తప్పిన బంతిని లోపలికి రానివ్వవు. పూల్ వాళ్లు అది వేరే లోకమంటారు. ఆ లోకం పుట్టింది మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్ సైనిక శిబిరంలో. ఒక నెల స్నూకర్ టేబుల్ మీద తన్నులు తిని వస్తే తొమ్మిదడుగుల టేబుల్ సొంత ముంగిలిలా అనిపిస్తుంది.

6. రికార్డు విన్నప్పుడు టేబుల్ సైజు అడగండి, కానీ దాన్ని బట్టి మనిషిని తగ్గించకండి.

విల్లీ మోస్కోనీ 1954 మార్చి 19న ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తప్పు లేకుండా వరసగా 526 బంతులు వేశాడు. ఎనిమిదడుగుల టేబుల్ మీద. చిన్నది కాబట్టి లెక్కలోకి రాదని వాదించినవాళ్లు కొల్లలు. 2019లో జాన్ ష్మిట్ తొమ్మిదడుగుల మీద 626 వేశాడు. 2022లో జేసన్ షా 714 వేశాడు.  అరవై అయిదేళ్లు నిలిచిన మోస్కోనీ అంకెను దాటిన ష్మిట్ దాన్ని కొట్టిపారేయలేదు, దాన్నే గురిగా పెట్టుకుని ఆడాడు.

7. టోర్నమెంటు పెట్టేవాళ్లూ, ఒకే సైజు టేబుళ్లు వేయకండి.

అన్ని టేబుళ్లూ ఒకేలా ఉంటేనే న్యాయమని అనుకుంటారు. నా లెక్కలో అది ఆ సైజు ఇంట్లో ఉన్నవాడికి చేసే న్యాయం. మొదటి రౌండ్లు ఏడడుగుల మీద, సెమీస్ నుంచి తొమ్మిదడుగుల మీద పెట్టండి. ఏ రౌండ్ ఏ టేబుల్ మీదో ఎంట్రీ ఫీజు కట్టించుకునే ముందే చెప్పండి. తెనాలిలో పెట్టినా, బాపట్లలో పెట్టినా, రేపల్లెలో పెట్టినా ఇలాగే చేయండి. అప్పుడు గెలిచినవాణ్ని ఏ సైజు వాళ్లూ వేలెత్తి చూపలేరు. క్లబ్ లేని ఊరి కుర్రాడికి కూడా సొంత టేబుల్ ఉన్నవాడితో సమానంగా నిలబడే వీలు దొరుకుతుంది.