బాన్ఫ్ బావగారు

కాల్గరీలో నలుగురు తెలుగువాళ్ళున్న చోట ఒక బాన్ఫ్ బావగారు తప్పకుండా ఉంటారు. వరసకి ఎవరికీ బావ కానక్కర్లేదు. ఇండియా నుంచి దిగిన అత్తమామల్నీ, తోడల్లుడి తమ్ముణ్ణీ, టొరంటో నుంచి వచ్చిన స్నేహితుడి స్నేహితుణ్ణీ కారెక్కించుకుని కొండల్లోకి తీసుకెళ్ళి ఎలుగుబంటిని చూపించే భారం దేవుడు తన నెత్తిన పెట్టాడని ఆయన నమ్మకం. ఉద్యోగం ఏదో చమురు కంపెనీలో కంప్యూటర్లు చూసుకోవడం. ఆ సంగతి అడిగితే చెబుతారు. ఎలుగుబంటి సంగతి అడక్కుండానే చెబుతారు.

ప్రయాణం ముందురాత్రి వాట్సాప్‌లో ఆజ్ఞాపత్రం వస్తుంది. జంతువులు మేతకి దిగేది తెల్లవారుజామున, మళ్ళీ మునిమాపు వేళ. కాల్గరీ నుంచి బాన్ఫ్ గంటన్నర. కనుక నాలుగింటికల్లా అందరూ సీట్లలో ఉండాలి. నాలుగింటికి సీట్లో ఉండేది బావగారొక్కరే. అత్తయ్యగారి స్నానం, దీపం, పులిహోర పోపు, మావయ్యగారి రెండో కాఫీ, పిల్లాడి ఎడమకాలి బూటు, ఇవన్నీ తేలేసరికి ఎనిమిదిన్నర. "ఈపాటికి అన్నీ తినేసి పడుకునుంటాయి" అంటూ ఆయన కారు స్టార్ట్ చేస్తారు. ఆ మాట పొద్దున్నే అనేసి ఉంచుకుంటే సాయంత్రానికి పనికొస్తుంది.

ఎలుగు మీదికొస్తే కొట్టడానికి మిరపఘాటు స్ప్రే ఒకటి ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటుంది. నడుముకి తగిలించుకోవాలి, క్షణంలో చేతికి అందాలి అని అందరికీ చెబుతారు. ఆయనది మాత్రం డిక్కీలో అట్టడుగున ఉంటుంది. దాని మీద పిల్లాడి స్ట్రోలరు, దాని మీద మడత కుర్చీలు, అన్నిటికీ పైన పులిహోర, దద్దోజనం. ఎలుగుబంటి వస్తే ముందు దద్దోజనం దించాలి.

పార్కు గేటు దాటగానే పాఠం మొదలవుతుంది. 1885లో వేడినీటి బుగ్గల చుట్టూ కేటాయించిన కాస్త జాగా నుంచి పెరిగి కెనడాలో మొట్టమొదటి నేషనల్ పార్కు అయిన కథని ఒక మలుపులో ముగించేస్తారు. చరిత్ర మీద ఆయనకి ఆసక్తి తక్కువ, దానికి కాళ్ళూ తోకా లేవు కదా. ఆగేది కంచె దగ్గర. ట్రాన్స్‌కెనడా హైవేకి రెండు పక్కలా 2.4 మీటర్ల ఎత్తున కంచె, జంతువులు అటూ ఇటూ దాటడానికి రోడ్డు కిందుగా సొరంగాలు, మీదుగా చెట్లు నాటిన వంతెనలు. ఆ వంతెన కింద నుంచి వెళ్ళేటప్పుడు ఆయన స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి తీసి చూపిస్తారు. ఈసారి కార్లో నేనూ ఉన్నాను. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఆయన మావయ్యగారు మెడ వంచి పైకి చూసి, "మనుషులు పోరా దాని మీద?" అన్నారు. పోకూడదు, అది జంతువులకే. "ఆ సంగతి వాటికి ఎవరు చెప్పారు?" ఎవరూ చెప్పలేదు, జింకలూ ఎల్క్‌లూ తొందరగానే వాడేశాయి, గ్రిజ్లీ ఎలుగులకి నమ్మకం కుదరడానికే కొన్నేళ్ళు పట్టింది. కంచే వంతెనలూ వచ్చాక రోడ్డు మీద జంతువుల చావులు 80 శాతం పైగా తగ్గాయి. మావయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా ఊరి వాగు మీద వంతెనకి శంకుస్థాపన మూడుసార్లు చేశారు. ఏ జంతువు పేరు మీద అడిగుంటే వచ్చేదో" అన్నారు.

కంచె ఉన్నంతసేపూ రోడ్డు మీద ఏమీ కనబడదు. అది కంచె గొప్పతనం. బావగారికి మాత్రం మనసులో కాస్త బాధే. అందుకే హైవే దిగి పాత దారిలో, బో వ్యాలీ పార్క్‌వేలో నెమ్మదిగా పోతారు. అసలు విద్య అక్కడ బయటపడుతుంది. కొత్తవాళ్ళు అడవిలోకి చూస్తారు. ఆయన అడవిని చూడరు, ఆగిన కార్లని చూస్తారు. ఒక్క కారు ఆగి, తలుపు తీసి ఉంటే ఎవరో పిల్లాడికి అర్జంటు. రెండు కార్లు బుద్ధిగా పక్కకి ఆగితే జింక. అయిదారు ఆగి, జనం కొండ మీదికి చూస్తుంటే తెల్ల కొండమేకలు. ఇరవై కార్లు తలో వంకరా ఆగి, ఒకాయన మూడుకాళ్ళ స్టాండు మీద బాజాబూరా అంత లెన్సు పెట్టుకుంటే గ్రిజ్లీ. పసుపు లైటు తిప్పుకుంటూ పార్కు వాళ్ళ బండి వస్తే ఇక సందేహమే లేదు. అన్నట్టు, ఎలుగు కనబడితే ఆగకుండా, వేగం తగ్గించి చూసుకుంటూ పొమ్మనే పార్కు వాళ్ళు చెబుతారు. ఆయనా అదే చెబుతారు. ఆయన తగ్గించే వేగం సున్నాకి మరీ దూరంగా ఉండదు, అంతే.

దారి చూపించడంలో కూడా ఒక పద్ధతుంది. కారు ముందుభాగం పన్నెండు గంటలు, కుడిచెయ్యి మూడు. "రెండు గంటల దగ్గర చూడండి!" అని ఆయన అరిస్తే అత్తయ్యగారు చేతి గడియారం చూసి, "ఇంకా పదకొండేగా బాబూ" అన్నారు. ఈలోగా ఆ రెండు గంటల జంతువు పక్కనే వచ్చింది. కాలిపోయిన చెట్టు మొద్దు. నల్లటి మొద్దులు ఆయన ఫోన్‌లో ఎన్నో ఉన్నాయి. కొన్నిటికి ఎర్ర బాణం గుర్తు కూడా ఉంది.

నియమాల దగ్గర మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. ఎల్క్, జింక, మూస్ అయితే 30 మీటర్లు. ఎలుగు, తోడేలు అయితే 100 మీటర్ల దూరం ఉండాలి. వందంటే పది బస్సులు వరసగా నిలబెట్టినంత అని వివరించారు. "ఎక్స్‌ప్రెస్సా, పల్లెవెలుగా?" అన్నారు మావయ్యగారు. భోజనాల దగ్గర వీపు మీద చారలున్న చిప్‌మంక్ ఒకటి బల్లెక్కితే అత్తయ్యగారు, "రాములవారు ఇంతదూరం వచ్చి నిమిరారా తల్లీ" అని మురిసిపోయి పులిహోర మెతుకులు నాలుగు తీశారు. బావగారు చెయ్యి అడ్డం పెట్టారు. పార్కులో జంతువుకి తిండి పెడితే జరిమానా 25,000 డాలర్ల దాకా. అంటే రూపాయల్లో పదిహేను లక్షల పైమాటే. అత్తయ్యగారు మెతుకులు మళ్ళీ డబ్బాలో వేసి మూత గట్టిగా బిగించారు.

లేక్ లూయీస్ దగ్గర దారులు చీలే చోట ఆయన ఎప్పుడూ కాస్త మౌనంగా ఉంటారు. పడమటికి పోయే రోడ్డు యోహో పార్కులోకి వెళుతుంది. నకోడా అని పిలుచుకునే తెల్ల గ్రిజ్లీ ఒకటి అక్కడ రోడ్డు పక్క గడ్డి మేస్తూ కనిపించేది. చూడ్డానికి జనం ఎగబడితే, అక్కడ ఆగకూడదని బోర్డులు పెట్టి వేగం తగ్గించారు. 2024 జూన్‌లో దాని పిల్లలు రెండూ కారు తగిలి చచ్చిపోయాయి. అదే రోజు తల్లినీ ఇంకో బండి గుద్దింది. రెండు రోజులకి అదీ పోయింది. ఇది చెప్పేటప్పుడు ఆయన గడియారం లెక్కలు వాడరు.

అక్కణ్ణుంచి జాస్పర్ దాకా 230 కిలోమీటర్ల ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే. ఈ దారి పొడుగునా ఆయన చెప్పే కథలకి కథానాయకుడు మాత్రం వెనక వదిలొచ్చిన బో లోయ వాడు. 122వ నంబరు గ్రిజ్లీ, ముద్దుపేరు ది బాస్. రైలు గుద్దినా బతికాడు, నల్ల ఎలుగుబంటినే ఒకదాన్ని తినేశాడు, ఆ లోయలో సగం పిల్లలకి తండ్రి అని చెప్పుకుంటారు. పాత ఎన్టీఆర్ సినిమాల గురించి పెద్దవాళ్ళు చెప్పినట్టు చెబుతారు బావగారు. తను మాత్రం ఒక్కసారీ చూడలేదు. మరి తిండేమిటని అత్తయ్యగారు అడిగితే ఆకులూ దుంపలూ పళ్ళే ఎక్కువట. బఫెలో బెర్రీ కాసే రోజుల్లో ఒక్క గ్రిజ్లీ రోజుకి రెండు లక్షల పళ్ళ దాకా తింటుందట. "ఎవరు లెక్కపెట్టారు?" అన్నారు మావయ్యగారు. మస్టర్ రోల్ చూసి చూసి అలవాటైన ప్రాణం.

మధ్యాహ్నం మూడయ్యేసరికి బావగారి రాజ్యాంగంలో సవరణలు మొదలయ్యాయి. పొద్దున "జింకలు లెక్కలోకి రావు" అన్న మనిషి, ఇప్పుడు జింకని కూడా ఒకటని రాసుకోమన్నారు. రోడ్డు మీద ఉప్పు నాకుతూ కార్లని ఆపేసిన బిగ్‌హార్న్ గొర్రెలకి పొద్దున హారన్ కొట్టబోయిన చెయ్యే ఇప్పుడు ఫొటో తీసింది. కాకి కూడా ఇక్కడిది మామూలు కాకి కాదన్నారు. ఆ మాట నిజమే. అది రేవెన్, మన కాకి దాని ముందు పిల్లకాకి.

అత్తయ్యగారికి ఇదేమీ పట్టలేదు. ఆవిడ గంటసేపటి నుంచి బాత్రూమ్ బోర్డు కోసం కిటికీలోంచి చూస్తున్నారు. ఆ దారిలో అవి అరుదు. "బాబూ, ఆ పచ్చికలో దున్నపోతు ఉంది, ఎవరిదో తప్పిపోయినట్టుంది" అన్నారు.

"మొద్దండీ అత్తయ్యగారూ" అన్నారాయన, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

మొద్దు తలెత్తింది. మూపు మీద గుట్టంత కండ, నోట్లో డాండిలైన్ పూలు. మావయ్యగారు చూశారు, నేను చూశాను, బావగారి భార్య చూశారు, పిల్లాడు బూటు విసిరేసి మరీ చూశాడు. అత్తయ్యగారు "జాంబవంతుడు తండ్రీ" అని రెండు చేతులూ జోడించారు. ఏ వైపు, ఎన్ని గంటలు, అని ఒక్కరికీ చెప్పడానికి గుర్తు రాలేదు. బావగారు తల తిప్పేసరికి వంపు వచ్చేసింది. బండి తిప్పుకోవడానికి తగిన చోటు దొరికి తిరిగి వచ్చేసరికి అక్కడ పాతిక కార్లూ, పసుపు లైటు బండీ ఉన్నాయి. ఎలుగు లేదు. పచ్చిక కొంచెం నలిగి ఉంది. దాని ఫొటో తీసుకున్నారు, బాణం గుర్తు కూడా పెట్టారు.

ఆ శనివారం ఒకరింట్లో భోజనాలకి అందరూ కలిశారు. పనసపొట్టు కూర వడ్డిస్తుండగా బావగారు లేచి మొదలుపెట్టారు. మూపు మీద గుట్ట ఎలా కదిలిందో, గోళ్ళు ఎంత పొడుగో, తన వైపు చూసి ఎలా ఆగిపోయిందో. జనం ముద్ద ఆపి వింటున్నారు. అత్తయ్యగారు ఇటు తిరిగి, అల్లుడి పరువు పోకుండా గొంతు బాగా తగ్గించి, గది చివరిదాకా వినబడేలా అన్నారు: "అయ్యో, మా అల్లుడుగారు చూళ్ళేదమ్మా. ఆయన రోడ్డు చూస్తున్నారు."