పన్ను కట్టాం, పుస్తకం మూశాం!

"ఒకటీ, ఒకటీ, రెండూ, మూడూ..." అంటూ టీవీల్లో గుక్క తిప్పుకోకుండా ర్యాంకులు చదివే సీజన్ మళ్లీ వచ్చేసింది. మొదటి ర్యాంకు ఒక్కటే అయినా, అది మాదేనని ఫ్లెక్సీ కట్టే కాలేజీలు మాత్రం బోలెడు. (ఆ పిల్లాడు అన్నింట్లోనూ చదివి ఉంటే అసాధ్యుడే!)

సీటు ఖాయమైన మర్నాడే పుస్తకాలు పాతపేపర్ల బండెక్కుతాయి. ఉద్యోగం కూడా వచ్చేస్తే ఇక జీవితాంతం చదవాల్సింది ఈఎంఐ మెసేజీలే. 'మావాడు సెటిలయ్యాడు' అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టినవాళ్లకు ఈ తెలివి లేకపోయింది. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా గ్రంథాలయం ఉండాలని తిరిగారు. ఆ తర్వాత పాతూరి నాగభూషణం ఏకంగా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. పడవ కోసం గట్టున నిలబడ్డ రైతుకు ఎంట్రన్సు లేదు, కటాఫ్ లేదు, ప్యాకేజీ అసలే లేదు. చదవాలనిపించి చదివాడు, పిచ్చి మారాజు!

ఇప్పుడు ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమే కడుతున్నాం. వసూలులో చురుకైన పురపాలకులకు, దాన్ని గ్రంథాలయ సంస్థకు జమ చేసేటప్పుడే చెయ్యి రాదు. గ్రంథాలయాల్లో కుర్చీలు నిండేదీ ఉద్యోగ నోటిఫికేషన్లు పడ్డప్పుడే.

ఎలాగూ డబ్బు కట్టేశారు కదా, ఓసారి వెళ్లి కూర్చోండి. ర్యాంకు మాత్రం అడక్కండి, ఇవ్వరు.