సమ్మెలో ఉన్న స్వీపర్లకు సంఘీభావం: విద్యార్థులకు ఏడు సులువైన చిట్కాలు

మీ కాలేజీలో ఊడ్చేవాళ్లు, హాస్టల్ బాత్రూములు కడిగేవాళ్లు జీతాల కోసం గేటు బయట టెంటు వేశారు. ఊరు రాజమండ్రి కావచ్చు, కాకినాడ కావచ్చు, భీమవరం కావచ్చు. మీ మనసు కరిగింది, ఏదో ఒకటి చేయాలి. అయితే ప్రిన్సిపాల్‌గారికి కోపం రాకూడదు, కాంట్రాక్టరుకు పైసా నష్టం కలగకూడదు. రెండూ కుదరాలంటే ఇలా చేయండి.

1. ముందు చీపురు పట్టండి. రెండో రోజుకే బాత్రూములు కంపు కొడతాయి. వెంటనే ఎన్‌ఎస్‌ఎస్ బ్యాచ్‌తో శ్రమదానం పెట్టండి. స్వీపర్లు ఎన్నాళ్లుగానో అడుగుతున్న గ్లౌజులు, మాస్కులు మీకు ఆ సాయంత్రమే అందుతాయి. మూడో రోజుకల్లా క్యాంపస్ అద్దంలా మెరుస్తుంది. "వాళ్లు లేకపోయినా పని జరుగుతోందిగా" అని ఆఫీసులో కాఫీ తాగుతూ అనుకుంటారు. మీ సంఘీభావం అంత బాగా పనిచేసిందన్నమాట. మీకు సర్టిఫికెట్ కూడా ఇస్తారు.

2. శాలువా కప్పండి. 2019 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో ప్రధానమంత్రి పారిశుద్ధ్య కార్మికుల కాళ్లు కడిగారు. 2020 కరోనా రోజుల్లో జనం వాళ్ల మీద పూలు చల్లారు. ఆ బాటలోనే మీరూ నడవండి. "మీరు దేవుళ్లండి" అనండి. దేవుళ్లకు నైవేద్యం చాలు, పీఎఫ్ అక్కర్లేదు.

3. నిన్నటిదాకా "ఏవమ్మా, ఇటు రా" అని పిలిచినామెను ఇవాళ "అమ్మగారండీ" అనండి. పేరు మాత్రం అడక్కండి. పక్కన నిలబడి సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టండి. స్టేటస్ గడువు ఇరవై నాలుగు గంటలు. సంఘీభావానికీ అంతే చాలు.

4. జీతం స్లిప్పు జోలికి పోకండి. పొరపాటున చూశారో, మనసు పాడవుతుంది. మస్టరులో ఇరవై ఆరు రోజులుంటే స్లిప్పులో ఇరవై మూడే ఎందుకున్నాయో, మిగిలిన మూడు ఏ నాగా కింద పోయాయో అడగాల్సి వస్తుంది. ఈఎస్‌ఐకి కార్మికురాలి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. రెండూ ఆమె జీతంలోంచే కోస్తే అది తప్పని లెక్క తేలుతుంది. ఆమె ఏటీఎం కార్డు మేస్త్రి జేబులో ఎందుకుందన్న ప్రశ్న కూడా పుడుతుంది. మీరు బీకాం చదువుతుంటే మరీ జాగ్రత్త: ఈ లెక్కలు సిలబస్‌లో లేవు.

5. "అది కాంట్రాక్టరు వ్యవహారం" అంటే నమ్మేయండి. 1970 నాటి కాంట్రాక్ట్ కార్మిక చట్టం, 21వ సెక్షన్, ఒక ఇబ్బందికరమైన మాట చెప్పింది: కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే పని చేయించుకునే సంస్థే ఇవ్వాలి, తర్వాత అతని దగ్గర వసూలు చేసుకోవాలి. కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ బాధ్యత అలాగే ఉంది. ఇది టెంటులో బిగ్గరగా చదివి వినిపించకండి. మీది ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి కాంట్రాక్టు ఒప్పందం కాపీ అసలే అడక్కండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి మరి!

6. "ఇది సమయం కాదండీ" అనండి. ఈ మాట ఏ సమయంలోనైనా పనికొస్తుంది. 2015 జూలైలో ఆంధ్రప్రదేశ్‌లో మున్సిపల్ కార్మికులు సమ్మె చేశారు. అప్పుడు గోదావరి పుష్కరాలు. 2022 జూలైలో చేశారు, అప్పుడు వానాకాలం. 2023 డిసెంబర్ 26న మళ్లీ దిగారు, సంక్రాంతి దగ్గరపడుతోంది. మీ కాలేజీలో ఎలాగూ ఏదో ఒక పరీక్ష ఉంటుంది. 2027లో మళ్లీ పుష్కరాలు. అయితే ఒక సంగతి దాచిపెట్టాలి: అలా అడక్కూడని సమయంలో అడగబట్టే 2022లో పారిశుద్ధ్య కార్మికులకు 15 వేల జీతం, 6 వేల హెల్త్ అలవెన్స్ కలిపి నెలకు 21 వేలు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకుంది.

7. హార్వర్డ్ వెళ్లాలని కలగనండి, హార్వర్డ్ పిల్లల్ని మాత్రం చూసి నేర్చుకోకండి. 2001 వసంతంలో అక్కడి విద్యార్థులు స్వీపర్లకు, క్యాంటీన్ వాళ్లకు, గార్డులకు గంటకు కనీసం 10.25 డాలర్లు ఇవ్వాలని అధ్యక్షుడి ఆఫీసు ఉన్న భవనంలో 21 రోజులు బైఠాయించారు. అంత పెద్ద విశ్వవిద్యాలయం కమిటీ వేసి, తర్వాత జీతాలు పెంచాల్సి వచ్చింది. ఆ పిల్లలకు చీపురు పట్టాలన్న ఆలోచనే రాలేదు. ఎవరి కుర్చీ దగ్గర కూర్చుంటే పని జరుగుతుందో వాళ్లకు తెలిసిపోయింది.

చివరిగా ఒక హెచ్చరిక. టెంటులోకి వెళ్లి "మేమేం చేస్తే మీకు ఉపయోగం?" అని వాళ్లనే అడిగే విద్యార్థులు కొందరుంటారు. వాళ్లకు దూరంగా ఉండండి. "ఊడవకండి బాబూ, అదే పదివేలు. మాతోపాటు ఆఫీసుకి ఓసారి రండి, ఆయ్" అని జవాబొస్తుంది. వెళ్తే అటెండెన్స్ పోతుంది. వెళ్లకపోతే డిగ్రీ చక్కగా చేతికొస్తుంది, ఆపైన ఉద్యోగమూ వస్తుంది, చాలామందికి వచ్చినట్టే అవుట్‌సోర్సింగ్‌లో. స్లిప్పు చదవడం అప్పుడు నేర్చుకోవచ్చు. నేర్పడానికి ఎవరైనా మిగిలుంటే.