నాలుగు జిల్లాలు దాటి, నది దాటక

నాలుగు వైపుల నీరుగల భూభాగమును ద్వీపమందురని బడిలో భూగోళము చెప్పిన పంతులుగారు మాచేత వల్లె వేయించిరి గాని, సంస్కృతము చెప్పిన శాస్త్రులుగారు అంత నీటిని కోరలేదు. 'ద్వి' యనగా రెండు, 'అప్పు'లనగా నీళ్ళు. రెండు ప్రక్కల నీరున్నను ద్వీపమగుటకు పాణినికి అభ్యంతరము లేదట. అప్పులన్న మాటకు తెలుగున గల రెండవ యర్థమును గూడ లెక్కకు తెచ్చుకొన్నచో, మా ఉత్తరాంధ్ర మన్యమున ద్వీపము కాని పల్లె కనబడుట దుర్లభము.

అయినను నేను చెప్పబోవునది నీటి అప్పులను గూర్చియే. కొమరాడ మండలమున పూర్ణపాడు, లాబేసు అను రెండూళ్ళు నాగావళికి చెరియొక గట్టున నున్నవి. ఆవలిగట్టు పల్లెలకు ముందు నది, వెనుక కొండలు, ఉత్తరమున ఒడిశా రాష్ట్రము. వేసవిలో కాలు కాల్చు ఇసుకనుబడి నడిచి, మోకాటిలోతు నీటిలో చీర ఎగగట్టుకొని దాటిపోవచ్చును. కాని ఎగువ కొండలలో ఎక్కడనో వాన కురిసిన చాలును, ఇక్కడ వడియాలు ఎండుచుండగనే నది వచ్చి పడును. ఈ రెండూళ్ళను కలుపుటకు తలపెట్టిన వంతెన స్తంభములుగా మొలచి, అటుపైన ఎదుగుట మాని, ఏండ్లతరబడి నదీమధ్యమున తపస్సు చేసినది. ఋషులకు సైతము తపస్సు ఫలించుటకొక గడువుండెడిది. వీనికి గడువు పొడిగింపులే యుండెను.

ఈ నదికి లాంగుల్య యని మరియొక పేరు గలదు. బలరాముడు కరవు తీర్ప నాగలిమొనతో నేల చీల్చి దీనిని తెచ్చెననియు, దారిలో ఐదు చోట్ల శివుని ప్రతిష్ఠించెననియు స్థలపురాణము; వారిలో గుంప సోమేశ్వరుడు ఈ మండలముననే, నాగావళీ ఝంఝావతుల సంగమమున వెలసియున్నాడు. కలహండి కొండలనుండి కళ్ళేపల్లి కడలివరకు 256 కిలోమీటర్ల పనిని ఒక్క నాగలితో ముగించిన ఆ మహానుభావుడు టెండరు పిలిచినట్లు గాని, ఇనుము ధర పెరిగినదని నడుమ పని నిలిపినట్లు గాని, సవరించిన అంచనాలను ద్వారకకు పంపినట్లు గాని ఏ పురాణమునను లేదు. ఆ లోపమును తరువాతి వారు సరిదిద్దిరి.

నదిపై కట్టడములు కట్టు విద్య మనకు రాదందురా, అది అపవాదు. ఇదే నాగావళికి దిగువను తోటపల్లివద్ద 1908 నాటికే తెల్లదొరలు రెగ్యులేటరు కట్టి నీరు మళ్ళించిరి. దాని చెంతనే సర్దార్ గౌతు లచ్చన్న పేర కట్టిన బ్యారేజి 2015లో జాతికంకితమయ్యెను. ఇక ఝంఝావతి కథ మరింత రమ్యము. ఆ నదిపై ప్రాజెక్టునకు 1976లో పునాది పడగా, మా భూములు మునుగునని ఒడిశావారు అడ్డు చెప్పిరి. ఆ చిక్కునుండి బయటపడుటకు మనవారు 2006 జనవరి 1న ఇదే కొమరాడ మండలము రాజ్యలక్ష్మీపురమువద్ద రబ్బరు డ్యామును ప్రారంభించి, ఆసియా ఖండముననే ఇట్టిది మొదటిదని చాటిరి. ఊదిన ఉబ్బును, వదలిన అణగును. ఆహా! ఆ బుద్ధిసూక్ష్మతను ఒక్క ఆమడ ఇవతలకు జరిపి రబ్బరు వంతెనను ఏల కల్పింపరాదని నాకు తోచినది. ఎన్నికల ప్రకటన వెలువడిన నాడు ఊదవచ్చును. ఓట్ల లెక్కింపు ముగిసిన సాయంకాలము గాలి తీసి, చుట్టచుట్టి, వచ్చు ఐదేండ్లకు గోదాములో భద్రపరుపవచ్చును.

పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడిన తొలి శ్రావణమున నేనా పూర్ణపాడు రేవుకు పోయితిని. నాటుపడవ, అడుగున బీట వారినచోట గోనెపట్టా కుక్కి, దానిపై తారు పులిమిరి. తారు వలదన్నచోటినుండి నీరు వచ్చుచుండగా, బడిసంచి భుజమునుండి తీయకయే ఒక కుఱ్ఱవాడు సత్తుగిన్నెతో తోడిపోయుచుండెను. బడిలో వాని హాజరు ఎట్లున్నదో గాని, ఇక్కడ మాత్రము వాడు ఒక్క నిమిషము ఏమరుటకు వీలులేదు. నా ప్రక్కన ఎనుబదికి చేరువైన అవ్వ పింఛను కాగితములను మూడు ప్లాస్టిక్ సంచులలో ఒకదానిలోనొకటి దూర్చి, ఆ మూటను నడినెత్తిన పెట్టి కొంగుతో గడ్డముక్రింద ముడివేసికొన్నది. అంత పైనెందుకే అవ్వా యంటిని.

"నాను ములిగిపోతే పోనాను బావూ. కాయితాలు తడిసిపోతే మళ్ళీ ఎవులిత్తారు?" అనెను.

ప్రభుత్వ వ్యవహారమున మనిషికి, కాగితమునకు గల తారతమ్యమును ఇంత క్లుప్తముగా చెప్పిన గ్రంథమును నేనెరుగను.

నడినదిలో, తలపై ఇనుపచువ్వలు త్రుప్పుపట్టి వెంట్రుకలవలె లేచియున్న స్తంభములను చూచి, ఈ వ్యర్థపదార్థముల కెంత ఖర్చయ్యెనో గదా యని నోరుజారితిని. పడవవాడు గడవేయుట ఆపి నావంక జాలిగా చూచెను.

"ఏటి బావూ, పనికిరావని ఎవులన్నారు? ఆ రొండో తంబం మీద ఎర్రగీత కనపడతందా? అది ములిగిందంటే పడవ కట్టీడమే. మాకదే కొలత."

చూతును గదా, ఎవరో చెట్టుకొమ్మకు గుడ్డ చుట్టి వేసిన ఎర్రరంగు గీత నిజముగనే యున్నది. వరదను కొలుచుటకు కర్ర పాతిన చాలునను పల్లెటూరి లోభబుద్ధికి లోబడక, ఇంత సిమెంటు, ఇంత ఇనుముతో గజంబద్దలను కట్టి యిచ్చిన ఉదారతను పత్రికలవారు ఇన్నాళ్ళు అపార్థము చేసికొనిరి.

ఆవలిగట్టువారు ఎక్కడకును కదలలేదనుట గూడ పొరపాటే. పడవలోని ఆ అవ్వ పుట్టినది విశాఖపట్నం జిల్లాలో. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లాకు వచ్చినది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లాకు సాగినది. 2022 ఏప్రిల్ 4న మన్యం జిల్లాకు చేరినది. ఈ ప్రయాణములన్నియు ఆమె తన వాకిట చింతపండు పిక్కలు తీయుచునే చేసినది, టిక్కెట్టునకు కాసైనను పడలేదు. ఒక జన్మమున నాలుగు జిల్లాలు దాటించిన ప్రభుత్వమునకు ఒక నది దాటించుట మాత్రమే మిగిలిపోయినది.

ఈర్ష్య పడవలెనన్న వీరు తమ పొరుగునున్న కొఠియావారిని చూచి పడవలెను. సాలూరు కొండలమీద ఆ 21 పల్లెలు ఆంధ్రమువో ఒడిశావో 1936లో ఆ రాష్ట్రము పుట్టిననాటినుండి తేలలేదు. 1968లో సుప్రీంకోర్టుకు పోగా ఉన్నది ఉన్నట్లే యుంచుడనెను. 2006లో ఇది మా చేతిలోని పని కాదనెను. ఆ సందిగ్ధమువలన అక్కడివారికి రెండు రాష్ట్రముల రేషను కార్డులు, రెండు చోట్ల ఓట్లు! 2021 ఫిబ్రవరిలో మనవారు అక్కడ పంచాయతీ ఎన్నికలు జరుపగా, ఒడిశావారు కోర్టు ధిక్కారమని మరల ఢిల్లీకి పరుగెత్తిరి. ఒకరు రోడ్డు వేసిన మరియొకరు బడి కట్టుదురు. పూర్ణపాడు లాబేసు వారు చేసిన పాపమేమనగా, తాము ఏ రాష్ట్రమువారో ఎవ్వరికిని సందేహము కలుగనీయకపోవుట. నేను వారికి రహస్యముగా ఒక సలహా చెప్పివచ్చితిని: రాత్రికి రాత్రి గట్టున ఒరియా అక్షరములతో ఒక బోర్డు నాటి చూడుడని. అటుపైని వంతెనలు రెండు రావచ్చును. ఇరుకు నది గనుక, ఒకటి రెండవదానికి అడ్డు తగులకుండ ఇప్పుడే స్థలము చూచుకొనవలసియుండును.

ఏనుగులకు ఈ చింతలు లేవు. ఒడిశా అడవులనుండి దిగివచ్చిన గుంపొకటి కొన్నేండ్లుగా కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి మండలములలో కాపురముండి అరటితోటలను, చెరకును సర్వే చేయుచున్నది. రాష్ట్ర సరిహద్దును చూపు పటము గాని, నది దాటుటకు పడవ గాని అవి అడుగలేదు. అవి ఏ గట్టున నున్నవో పూటపూటకు కనిపెట్టి చెప్పుటకు అటవీశాఖ మనుషులను నియమించినది. నది కావల మనుషులెందరు చిక్కిరని కనిపెట్టుటకు మాత్రము ఎర్రగీతయే దిక్కు.

తిరుగు పడవలో పదిరూపాయలు చేతబెట్టి, మీ సంగతులన్నియు పత్రికలో వ్రాసెదనని కొంచెము గర్వముతోనే చెప్పితిని. పడవవాడు నోటును రొండిన దోపుకొనుచు, "రాయండి బావూ, రాయండి. సంతలో బజ్జీలు కట్టిచ్చినపుడు మావోడు సదివి సెప్తాడు" అనెను.