జన్మస్థలం: ఇండియా

అమెరికా పౌరుడయ్యేవాడు చెయ్యెత్తి చెప్పే ప్రమాణంలో డొంకతిరుగుడు ఏమీ లేదు. ఇంతవరకూ ఏ విదేశీ రాజుకు, ఏ ఏలికకు, ఏ రాజ్యానికి కట్టుబడి ఉన్నానో ఆ విధేయతను పూర్తిగా వదిలేస్తున్నాను అనాలి. ఆ విదేశీ రాజ్యం ఏదో కాదు, మనదే. మనవాడు అన్నాడు. గొంతు వణకలేదు. వణకడానికి తీరికెక్కడిది? కుడి చెయ్యి గాల్లో, ఎడమ చేతిలో బుల్లి జెండా, బుర్రంతా పాస్‌పోర్టు ఫోటో ఏ మందుల షాపులో తీయించుకోవాలన్న దాని మీద. సాయంత్రానికి వాట్సాప్ స్టేటస్ మాత్రం ఘనంగా పెట్టాడు: "జన్మభూమి రుణం ఎన్ని జన్మలెత్తినా తీరదు." పొద్దున పది గంటలకే ఆ ఖాతా మూసేసి వచ్చిన సంగతి స్టేటస్‌లో లేదు.

అసలు ఈయన పౌరసత్వం ఎందుకు తీసుకున్నట్టు? అడిగితే రాజ్యాంగం అంటాడు, స్వేచ్ఛ అంటాడు, పిల్లల భవిష్యత్తు అంటాడు. ఇంట్లో ఆవిడని అడగండి, ఒక్క ముక్కలో తేల్చేస్తుంది: "ఇటలీకి వీసా అక్కర్లేదటండీ." మన నీలం పాస్‌పోర్టు పట్టుకుని యూరప్ వీసా కోసం బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు, యజమాని ఉత్తరాలు మోసి మోసి అలిసిపోయిన మనిషి. ఆ బాధ నిజమే, నేను కాదనను. ఏ దేశానికైనా ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న లెక్క వల్ల గ్రీన్ కార్డు వరసలో నిలబడి జుట్టు నెరిసింది. గ్రీన్ కార్డు వచ్చాక ఇంకో ఐదేళ్లు. అప్పుడు దరఖాస్తు, 2024 ఏప్రిల్ నుంచి దానికి ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద పెడితే 760. ఆ తర్వాత పరీక్ష. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టేవాళ్లకు 128 ప్రశ్నలు ఇచ్చి, ఇరవై దాకా అడుగుతారు, పన్నెండు చెప్పాలి. అంతకు ముందు వంద ప్రశ్నల్లో పది, అందులో ఆరు చాలు. మనవాడు పాత బ్యాచీ. పదమూడు తొలి రాష్ట్రాల్లో మూడింటి పేర్లు గడగడా చెప్పాడు. తన ఊరి సర్పంచి ఎవరో మాత్రం తెలియదు. ఆ ప్రశ్న ఎవరూ అడగలేదనుకోండి.

ఇక పాస్‌పోర్టు. మొదటిసారి కాబట్టి స్వయంగా వెళ్లాలి, డీఎస్-11 అనే ఫారం నింపాలి. వెళ్లేది ఎక్కడికో కాదు, పోస్టాఫీసుకి. మనిషి ముందే అన్నీ పద్ధతిగా సర్దుకున్నాడు. రెండంగుళాల ఫోటో, కళ్లజోడు లేకుండా. నల్ల సిరా. రెండు చెక్కులు: పుస్తకానికి 130 డాలర్లు విదేశాంగ శాఖ పేరున, దరఖాస్తు పుచ్చుకున్నందుకు 35 డాలర్లు విడిగా. ఇంత పద్ధతి గలవాడు ఫారం కింద ఇంట్లోనే సంతకం పెట్టేశాడు. చెప్పేదాకా సంతకం పెట్టొద్దని దాని మీదే రాసి ఉంటుంది. కౌంటర్లో ఆవిడ చిరునవ్వు చెదరకుండా కొత్త ఫారం ఇచ్చింది. రాజ్యాంగం బట్టీ కొట్టినవాడు ఒక్క వాక్యం చదవలేదు.

ఆ ఫారంలో అసలు పరీక్ష వేరే ఉంది. తల్లిదండ్రులు ఎప్పుడు పుట్టారు, ఎక్కడ పుట్టారు? వరస పక్కకి జరిగి, అక్కడ అర్ధరాత్రి దాటిందన్న సంగతి మరచి, సూర్యాపేట పక్క పల్లెకి ఫోను కొట్టాడు.

"బాపూ, నువ్వు పుట్టిన తారీఖు చెప్పు."

"రజాకార్ల లొల్లిల పుట్టిన్నంటరు బిడ్డా. తారీఖెవరు రాసిండ్రు?"

"మరి అవ్వ?"

"మీ అవ్వ నాకంటె నాలుగేండ్లు చిన్నది. రాస్కో."

రాసుకున్నాడు. మనవాడి పుట్టినరోజు మాత్రం ఖచ్చితం: జూన్ ఒకటి. బడిలో వేసిన రోజున హెడ్మాస్టరు నిర్ణయించిన ముహూర్తం అది. ఆ తరగతిలో సగం మంది ఆ రోజే పుట్టారు.

ఆపైన ఒక విచిత్రం జరుగుతుంది, దీన్ని ఎవరూ స్టేటస్‌లో పెట్టరు. ప్రమాణం రోజునే గ్రీన్ కార్డు లాగేసుకున్నారు. బదులుగా ఇచ్చిన పౌరసత్వ సర్టిఫికెట్ అసలు ప్రతిని ఇప్పుడు పాస్‌పోర్టు కవరులో పెట్టి పంపేశాడు. మన పాస్‌పోర్టు సొరుగులో ఉంది గానీ, ప్రమాణం చేసిన క్షణం నుంచి దాన్ని వాడితే నేరం. అంటే కొన్ని వారాల పాటు మనవాడు ఏ దేశస్థుడో చూపించడానికి చేతిలో డ్రైవింగ్ లైసెన్సు, బుల్లి జెండా తప్ప ఏమీ లేవు. రంగు తక్కువైనవాడిని దారిలో ఆపి నీదే దేశమని అడిగే రోజులు కావడంతో జెండా కూడా కారులోనే పెట్టుకున్నాడు. ఇదేం దేశం అని అప్పుడు మొదటిసారి అన్నాడు. కాస్త మెల్లగా.

పేరు సంగతి మరీ గొప్పది. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఇంటిపేరు ఒక్క అక్షరమై కూచుంటుంది. పూర్వం పాస్‌పోర్టు ఏజెంటు పేరంతా ఒకే గడిలో కుక్కి, రెండో గడి ఖాళీగా వదిలేశాడు. అమెరికా వీసా వేసేవాళ్లు ఖాళీని సహించరు. మొత్తం పేరుని ఇంటిపేరు గడిలోకి తోసి, మొదటి పేరు దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని కొట్టారు: మొదటి పేరు తెలియదు అని. అలా మనవాడు జీతం చెక్కు మీద, కరెంటు బిల్లు మీద, డాక్టరు గదిలో పిలుపు మీద ఏళ్ల తరబడి మిస్టర్ ఫ్నూగా బతికాడు. పౌరసత్వ దరఖాస్తులో పేరు మార్చుకునే అవకాశం ఉంటుంది. ఇదే సందు అని తాత పేరు వేంకట సత్యనారాయణని తిరిగి నిలబెట్టుకుంటాడేమో అనుకున్నాం. 'శామ్' అని రాసి వచ్చాడు. "వాళ్లకి నోరు తిరగదు కదా" అన్నాడు. ముప్పై రకాల ఇటాలియన్ నూడుల్సు పేర్లకి నోరు తిరిగే జనం, పాపం!

పాస్‌పోర్టు వచ్చింది. నీలమే, కాకపోతే ఇంకాస్త ముదురు. తెరిచి చూసుకుంటే ఒక గడి దగ్గర కళ్లు ఆగాయి. ఆయన పుట్టినప్పుడు ఊరు నల్గొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్. 2014లో తెలంగాణ అయింది. 2016లో సూర్యాపేట జిల్లా అయింది. గ్రీన్ కార్డు నాడు ఈ మూడు మాటలూ ఒక్క ఊరి గురించేనని నమ్మించడానికి తాసీల్దారు కాగితాలు, ఇద్దరు పెద్దమనుషుల అఫిడవిట్లు, బావమరిది చేత పదిసార్లు ఆఫీసు మెట్లెక్కించడం. అమెరికా ఆ చిక్కునంతా ఒక్క దెబ్బతో విప్పింది. బయట పుట్టినవాళ్లకి ఆ పుస్తకంలో ఊరు వెయ్యరు, దేశం పేరే వేస్తారు. జన్మస్థలం: ఇండియా. ఊరు పోయింది, జిల్లా పోయింది, రాష్ట్రం పోయింది. వదిలేశానని ప్రమాణం చేసిన దేశం ఒక్కటే మిగిలింది. కులం కూడా మిగిలిందనుకోండి. దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, ఏటా హోటల్ బాల్‌రూములో జరిగే సంఘం పిక్నిక్కు చాలు.

ఇక అసలు కోపం ఇప్పుడు మొదలైంది. "నా దేశానికి నేను పోవడానికి నాకు వీసానా?"

నాయనా, అది నీ దేశం కాదని చెయ్యెత్తి చెప్పింది నువ్వే. ఈ విషయంలో రెండు దేశాల పద్ధతీ ముచ్చటగా ఉంటుంది. అమెరికా నోటితో వదలమంటుంది, వదిలావా లేదా అని కాగితం అడగదు. ఇండియా అయితే 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షను కింద, నువ్వు ఇంకో దేశం పౌరసత్వం కోరి తీసుకున్న క్షణాన్నే నిన్ను వదిలేస్తుంది. ఆపైన వదిలినట్టు నీ చేతే దరఖాస్తు పెట్టించి, రుసుము కట్టించుకుని, పాత పాస్‌పోర్టు రద్దు చేసి, నువ్వు నావాడివి కావు అని సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ సర్టిఫికెట్ జతపరిచి 275 డాలర్లు, పైన సేవా రుసుము కడితే, నువ్వు కొంచెం నావాడివే అని ఇంకో కార్డు ఇస్తుంది. పేరు ఓవర్సీస్ సిటిజన్. పేరులోనే పౌరసత్వం. ఓటు లేదు, పోటీ చెయ్యడానికి లేదు, ఎకరం సాగు భూమి కొనడానికి లేదు. తాత పొలం వారసత్వంగా వస్తే పుచ్చుకోవచ్చు. 2021 నుంచి పత్రికా రచన చెయ్యాలన్నా, పర్వతం ఎక్కాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. ఈ కార్డు కోసం ఆన్‌లైన్లో ఎక్కించిన సంతకం గడి దాటిందని ఒకసారి, ఫోటో నీడ పడిందని ఒకసారి తిప్పికొడతారు. 2014లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, 2019లో హ్యూస్టన్ స్టేడియంలో మన ప్రధాని వచ్చి ప్రవాసులని ఆకాశానికెత్తితే గొంతు చించుకున్నది వీళ్లే. చప్పట్లకి నోటరీ అక్కర్లేదు.

2022 ఒక్క ఏడాదిలో 2,25,620 మంది భారత పౌరసత్వం వదులుకున్నారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. దేశద్రోహం చేశారని నేను అనను. బతకడానికి వెళ్లారు, బాగా బతికారు, పౌరులయ్యారు. ఇందులో తప్పు లేదు. నాకు గిట్టనిది ఆ తర్వాత మొదలయ్యే ఉపన్యాసం: "మేం కష్టపడి, చట్టప్రకారం, తెలివితేటలతో వచ్చాం."

చట్టప్రకారమే ఒకప్పుడు ఏం జరిగిందో వినండి. భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ సిక్కు అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. ఆయన తెల్లవాడు కాడు కాబట్టి పౌరుడు కావడానికి పనికిరాడని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు పట్టుకుని అంతకు ముందే పౌరులైనవాళ్లనీ వెనక్కి లాగారు. వాళ్లలో వైష్ణోదాస్ బగాయ్ ఒకరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టు పెట్టుకున్న వ్యాపారి, 1921లో పౌరుడయ్యాడు. పౌరసత్వం తీసేశారు. ఒకసారి ఇండియా వెళ్లి చుట్టాలని చూసొస్తానని పాస్‌పోర్టు అడిగితే ఇవ్వలేదు. బ్రిటిషువాళ్ల పాస్‌పోర్టు తీసుకోమన్నారు. బ్రిటిషువాళ్ల పాలన పడకనే దేశం వదిలి వచ్చిన మనిషి ఆయన. 1928లో గదిలో గ్యాసు విప్పుకుని చనిపోయాడు. కారణాలు రాసి అక్కడి పత్రికకి పంపాడు. మనవాళ్లు పౌరులు కావచ్చని చట్టం వచ్చింది 1946లో, అదీ ఏడాదికి వంద మంది వలసదారుల లెక్కతో. మామూలుగా తలుపు తెరిచింది 1965లో, నల్లవాళ్లు వీధుల్లో దెబ్బలు తిని పౌరహక్కులు సాధించిన ఆ కాలంలోనే. ఆ తలుపులోంచి వచ్చిన మనవాడు తన ఐఐటీ ర్యాంకే దాన్ని తీసిందనుకుంటున్నాడు.

ఏరు దాటగానే తెప్ప తగలేయడం మనవాళ్ల పాత అలవాటు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము అన్నప్పుడు, "మంచిదే, జనం మరీ ఎక్కువైపోయారు" అన్నది ఎవరనుకున్నారు? శామ్. మొన్న మొన్నటి మిస్టర్ ఫ్నూ. అదే ఏడాది జూన్‌లో, ఇచ్చిన పౌరసత్వాలని రద్దు చేసే కేసులకి ప్రాధాన్యం ఇమ్మని అక్కడి న్యాయశాఖ తన లాయర్లకి రాసింది. అది మాత్రం ఆయన వాట్సాప్ గ్రూపులో ఎవరూ పెట్టలేదు.

ప్రమాణం అయిన హాలు బయట పాస్‌పోర్టు ఫారంతో పాటు ఇంకో కాగితం కూడా చేతిలో పెడతారు. ఓటరు నమోదుది. మొదటిదాన్ని మనవాడు మర్నాడే నింపాడు. రెండోది కారు డాష్‌బోర్డు అరలో, పార్కింగు రసీదుల కింద ఉంది. పాస్‌పోర్టుకి 165 డాలర్లు అయ్యాయి. ఓటరు నమోదుకి పైసా ఖర్చు లేదు, ఫోటో అక్కర్లేదు, బాపు పుట్టిన తారీఖు ఎవరూ అడగరు. బాబూ శామూ, ఆ కాగితం తీసి నింపు. ఈసారి సంతకం ఇంట్లోనే పెట్టొచ్చు.