నిశ్శబ్దం గేటు లోపలే

సముద్రం ఒడ్డున ఇల్లు ఉండాలని ఎవరికైనా ఉంటుంది. ఆ ఇంటిమీది ఆకాశం కూడా తనదే అవ్వాలని పట్టుబట్టేవాళ్ళు అరుదు. ఫ్లోరిడాలోని పామ్ బీచ్ దీవికి అలాంటివాడు దొరికే అదృష్టం పట్టింది. అసలే అది పాత ధనవంతులు పెద్ద గొంతుతో పలకరించుకోవడం కూడా నామోషీ అనుకునే ఊరు. 1985లో డొనాల్డ్ ట్రంప్ అక్కడి మార్-ఎ-లాగో భవనం కొన్నారు.

దాన్ని కట్టించిన మార్జోరీ పోస్ట్ 1973లో పోతూ పోతూ, అధ్యక్షులు చలికాలం విడిది చేస్తారని ప్రభుత్వానికి రాసిచ్చారు. మెయింటెనెన్స్ మావల్ల కాదని ప్రభుత్వం 1981లో దణ్ణం పెట్టి తిరిగిచ్చేసింది. పొదుపంటే అదీ! 2017 ఫిబ్రవరి, మార్చిల్లో అధ్యక్షుడు ట్రంప్ అక్కడికి వేసిన నాలుగు ట్రిప్పులకే ఖజానాకు కోటీ 36 లక్షల డాలర్లయిందని అమెరికా కాగ్ అనదగ్గ జీఏఓ లెక్కగట్టింది.

ఊరికి రూల్సు లేవా అంటే, బోలెడున్నాయి. జెండా స్తంభం 42 అడుగులు దాటకూడదు. 2006లో ఆయన 80 అడుగులది పాతారు. రోజుకు 1,250 డాలర్ల జరిమానా అంది ఊరు. రెండున్నర కోట్ల డాలర్లకు దావా అన్నారాయన. చివరికి స్తంభం పదడుగులు తగ్గింది, జరిమానా మాఫీ అయింది, మాజీ సైనికుల సంస్థలకు లక్ష డాలర్ల విరాళం వెళ్ళింది. దేశభక్తికి పదడుగుల డిస్కౌంటన్నమాట.

భవనాన్ని క్లబ్బుగా మార్చేటప్పుడు, సభ్యులెవరూ వరసగా ఏడు రోజులకు మించి ఉండకూడదని 1993లో ఊరితో ఒప్పందం రాసుకున్నారు. 2021లో పదవి దిగి ఆయన అక్కడే కాపురం పెడితే ఇరుగుపొరుగు ఆ కాగితం బయటికి తీశారు. పట్టణం వకీలు అది చదివి, క్లబ్బు ఉద్యోగి అయితే అక్కడ నివాసం ఉండొచ్చన్నారు. ఆ విధంగా మాజీ అధ్యక్షులవారికి ఉద్యోగం దొరికింది, క్వార్టర్స్‌తో సహా.

ఇక విమానాల గోల. నీటికి అవతల వెస్ట్ పామ్ బీచ్‌లో ఎయిర్‌పోర్టు ఉంది. విమానాలు నెత్తిమీద ఎగురుతున్నాయని 1995లో ట్రంప్ కౌంటీ మీద దావా వేశారు. చివరికి కుదిరిన రాజీలో లీజుకొచ్చిన స్థలంలో గోల్ఫ్ కోర్సు లేచింది, గోల మాత్రం తగ్గలేదు. 2015లో పది కోట్ల డాలర్లకు మళ్ళీ దావా. కోర్టులవల్ల కాని పని కుర్చీవల్ల అయింది. భద్రత పేరుతో 2025 అక్టోబరు నుంచి ఆ భవనం చుట్టూ ఒక మైలు మేర, రెండు వేల అడుగుల ఎత్తువరకు ఏడాదిపాటు విమానాలకు నిషేధం, ఆయన ఊళ్ళో లేకపోయినా సరే. విమానాలు ఆగలేదు, దారి మళ్ళాయి. ఇప్పుడా మోత వెస్ట్ పామ్ బీచ్ ఇళ్ళమీద మోగుతోంది.

ఆయన వచ్చినప్పుడల్లా భవనం ముందున్న సముద్రపు రోడ్డు మూసేస్తారు. పక్కనే లాంటానా చిన్న ఎయిర్‌పోర్టులో పైలట్ శిక్షణ విమానాలు రెక్కలు ముడుచుకుని కూర్చుంటాయి. కాన్వాయ్ వెళ్ళేదాకా ఎండలో బైకాపి నిలబడే మనవాళ్ళకు ఇదంతా విడమరచి చెప్పక్కర్లేదు.

కాబట్టి అయ్యలారా, మీ ఊరి నీటి ఒడ్డున పెద్ద నాయకుడెవరో స్థలం చూస్తున్నాడని తెలిస్తే, గజం రేటు పెరుగుతుందని సంబరపడకండి. మీ ఇల్లు ఆ గేటుకి ఏ పక్కనుందో ముందు చూసుకోండి.