సర్కసు ప్రకటనకు టీకా తాత్పర్యము

మూలము: “ప్రపంచంలోనే మొట్టమొదటిసారిగా! మీ కళ్ళముందు! ప్రాణాలకు తెగించి! చప్పట్లు! ఇంకా గట్టిగా!”

అవతారిక: గాలిలో ఊయల ఫీట్లు ఆరంభము కాకమునుపే, డేరా నడుమ మైకు చేతబట్టిన యొకానొక మహావక్త సభాసదులపై కుమ్మరించు వాక్యమిది. కర్త యెవ్వడో యెరుగము. ఏ యూర డేరా వేసినను పాఠము మాత్ర మొక్కటియే.

టీక: ‘ప్రపంచంలోనే’ – సుగమము. ‘మొట్టమొదటిసారిగా’ – మధ్యాహ్నపు ఆటకును సాయంకాలపు ఆటకును నడుమ ప్రపంచము లయమై మరల సృష్టింపబడుచున్నదని గ్రహించినచో విరోధము లేదు.

‘మీ కళ్ళముందు’ – పదము సుగమమే గాని, కళ్ళముందున్న యా రింగు సామాన్యమైనది కాదు. దాని వ్యాసము 42 అడుగులు. 1768లో లండను నగరమున గుర్రపు విద్యలు ప్రదర్శింప మొదలిడిన ఫిలిప్ ఆస్ట్లే యను మాజీ అశ్వసైనికుడు, వలయమున పరుగిడు గుర్రముపై లోపలికి వాలి నిలిచిన రౌతును ఆ వేగమే పడనీయక కాచునని గుర్తించి, ఆ కొలతనే తుదకు స్థిరపరచెను. వలయము చిన్నదైన గుర్రము తొట్రుపడును. పెద్దదైన రౌతున కా యూత చాలదు. నేను చూచిన డేరాలో గుర్రమే లేదు. క్రూరమృగములును లేవు; పులులను, సింహములను, ఎలుగుబంట్లను ఆడింపరాదని 1998లో మన ప్రభుత్వము ప్రకటించినది, మేలే చేసినది. వైయాకరణుడు గతించినను సూత్రము నిలిచినట్లు, గుర్రము పోయినను గుర్రపు కొలత నిలిచియున్నది. ఇప్పు డందులో మోటారుసైకిళ్ళు తిరుగుచున్నవి.

‘ప్రాణాలకు తెగించి’ – ఇందు కర్త లోపించినాడు. తెగించిన దెవరు? వక్త కాడు, ఆయన పాదములు నేలమీదనే యున్నవి. అధ్యాహారము చేసికొందమన్న, పైన ఊయలనున్న పిల్ల పేరు ఆయన చెప్పనే లేదు. సర్కసు బలశాలి కోడి రామమూర్తినాయుడు రొమ్ముపై ఏనుగు నెక్కించుకొన్న దినములలో జనము వచ్చినది ఏనుగుకొరకు కాదు, రామమూర్తికొరకు. ఆ పేరే టిక్కెట్లను అమ్మినది. నేడో, డేరా కొప్పున ఊయల బద్దను విడిచి, ఏ యాధారమును లేక గాలిలో తిరిగి, క్యాచరు చేతుల నందుకొను పిల్లకు పేరు లేదు. మైకులో మాటిమాటికి వినవచ్చు బట్టలకొట్టునకు మాత్రము పేరును, చిరునామాయు కలవు.

క్రింద వల యున్నది. చెప్పిన ఘనత తరుగునని కాబోలు, వక్త దానిని దాచును. వలలో పడుటయు విద్యయే గదా! వీపు ముందానునట్లు పడనేర్వనివారికి మెడ విరుగును.

‘చప్పట్లు! ఇంకా గట్టిగా!’ – ఎప్పుడు విడువవలెనో తెలుపు కేకను చెవినిడి ఆమె బద్దను విడువవలెను. సరిగా ఆ కేక వేళకే వక్త ‘ఇంకా గట్టిగా’ యని గర్జించుచున్నాడు. అయ్యా, ఆ రెండు క్షణములైనను నోరు మూయరాదా?

తాత్పర్యము: చప్పట్లు ముందుగా చెల్లింపవలెను; ఫీటు పిదప.

పాఠాంతరము: కొన్ని డేరాలలో ‘చప్పట్లు’ అనుచోట ‘జోర్దార్ తాలియా’ అని కలదు. అర్థభేదము లేదు.